బోటు ఫిట్టింగులకు ఏ సీలెంట్ కొనాలి, ఎలా పెట్టాలి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో మైపాడు మొదలుకొని పాకల, కొత్తపట్నం దాకా బోట్లన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. రిపేర్లన్నీ ఆ 61 రోజుల్లోనే జరగాలి. ఆ రోజుల్లో అందరూ అడిగేది ఒకటే: "అన్నిటికన్నా గట్టి సీలెంట్ ఏది?"

గట్టిదనం చూసి కొంటే పని చెడుతుంది. ఫిట్టింగును, అంటే బోటుకు బిగించే పైపు, బ్రాకెట్టు లాంటి సామానును, పట్టి ఉంచేవి బోల్టు, దాని వెనక వాషరు, లోపలి ప్లేటు. సీలెంట్ చేయాల్సింది నీరు రాకుండా ఆపడం, ఇంజిన్ అదురుకూ అల దెబ్బకూ బోటు కదిలినప్పుడు తానూ సాగి మళ్ళీ చేరడం. మరీ గట్టిగా అతుక్కునేది పెడితే రెండేళ్ళ తర్వాత ఆ ఫిట్టింగు విప్పేటప్పుడు బోటు ఫైబర్ (ఫైబర్‌గ్లాస్) పొర కూడా ఊడి వస్తుంది.

కొట్టుకు వెళ్ళే ముందు

మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి.

ఒకటి, ఫిట్టింగు ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండేదా, పైన ఉండి తడిసి ఆరేదా? రెండు, దేన్ని దేనికి కలుపుతున్నారు? ఫైబర్‌కు స్టీలా, చెక్కకు ఇత్తడా, అక్రిలిక్ అద్దానికి ఫైబరా? మూడు, మళ్ళీ విప్పాల్సి వస్తుందా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే కొట్టువాడు ఏది అంటగట్టబోయినా మీరు తిరిగి చూడక్కర్లేదు.

ఏ రకం ఎక్కడికి

*పాలీయురేథేన్ (పీయూ).* నీటి మట్టం కింద ఉండే పనికి ఎక్కువమంది వాడేది ఇదే. ఇంజిన్ చల్లబడటానికి నీళ్ళు లాగే పైపు ఫిట్టింగు, చుక్కాని బ్రాకెట్టు, వెనక పలకకు ఇంజిన్ బిగించే బోల్టులు, చేపల జాడ చూపే యంత్రం సెన్సారు, వీటన్నిటికీ పనికొస్తుంది. ఫైబర్‌కు, చెక్కకు, లోహానికి బాగా పట్టుకుంటుంది. ఇందులోనే పట్టులో తేడాలున్నాయి. త్రీఎం (3M) కంపెనీ 5200 రకం శాశ్వతంగా అతికించడానికి చేసింది. దాన్ని మళ్ళీ విప్పే ఫిట్టింగుకు పెట్టొద్దు. త్రీఎం 4200, సికాఫ్లెక్స్ 291 లాంటివి మధ్యరకం, ఫిట్టింగులకు ఇవే చాలు. మన ఊళ్ళ హార్డ్‌వేర్ కొట్లలో తేలిగ్గా దొరికే సికాఫ్లెక్స్ 11ఎఫ్‌సీ కూడా పీయూనే, కానీ అది గోడలు, కాంక్రీటు సందుల కోసం చేసినది. పైన తడిసి ఆరే చోట పని గడుస్తుంది. నీళ్ళలో మునిగి ఉండే ఫిట్టింగుకు మాత్రం బోట్ల కోసం చేసిన రకమే తెప్పించుకోండి.

పీయూకి పడనివి రెండు. పాలీకార్బనేట్, అక్రిలిక్, ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్‌లకు పెడితే కొన్నాళ్ళకు సన్న పగుళ్ళు పడతాయి. తెల్ల పీయూ ఎండకు పసుపెక్కి, పైపొర పొడిపొడిగా రాలుతుంది. రెండోది చూపుకే నష్టం, మొదటిది అద్దానికే నష్టం.

*పాలీసల్ఫైడ్.* పీయూ అంత పట్టు లేదు కానీ డీజిల్, పెట్రోలు, నూనె తగిలినా చెక్కుచెదరదు. డెక్కు మీద డీజిల్ పోసే మూత, ట్యాంకు పైపు డెక్కును దాటే చోటు, చెక్క డెక్కు సందులు దీనికి తగిన పనులు. విప్పేటప్పుడు పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఆరడం నెమ్మది, కొన్ని రకాలకు వారం పైనే. ప్లాస్టిక్ విషయంలో పీయూ జాగ్రత్తే దీనికీ: అక్రిలిక్, పాలీకార్బనేట్, ఏబీఎస్, పీవీసీలకు తగలనివ్వొద్దు.

*హైబ్రిడ్ లేదా ఎంఎస్ పాలిమర్.* కొత్తగా ఎక్కువ వాడుకలోకి వచ్చినది. ఎండకు పీయూ కన్నా బాగా ఆగుతుంది, తేమ ఉన్నా బుడగలు రావు, ఘాటు తక్కువ. చాలా రకాలు నీటి మట్టం కింద కూడా పనికొస్తాయి, అయితే ట్యూబు మీద ఆ మాట రాసి ఉండాలి. ఇంట్లో ఒకే ట్యూబు ఉంచుకోవాలంటే మా ఓటు దీనికే.

*సిలికాన్.* ఊళ్ళో ప్రతి కొట్టులోనూ ఉంటుంది, చవక, అందుకే అన్నిచోట్లా పూసేస్తారు. బోటులో దీని చోటు చిన్నది: క్యాబిన్ అద్దం, ప్లాస్టిక్ కిటికీ, వైరింగు పెట్టె మూత. అదీ వాసన లేని న్యూట్రల్ రకమైతేనే. పులుపు వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది. ఇత్తడి, రాగి, గాల్వనైజ్డ్ ఇనుముకు అది మంచిది కాదు, వైర్ల చివరలకు అసలే పనికిరాదు. సిలికాన్‌తో ఇంకో పేచీ ఉంది. ఒకసారి పూసిన చోట దాని పొర కంటికి కనపడకుండా మిగిలిపోతుంది. ఆ తర్వాత పెయింటు, రెసిన్, ఇంకో సీలెంట్ ఏదీ అక్కడ నిలవదు. నీటి మట్టం కింద వద్దే వద్దు.

*బ్యూటైల్ టేపు.* నల్లగానో బూడిదరంగులోనో చుట్టగా వస్తుంది. ఎప్పటికీ గట్టిపడదు, ఆరే పని లేదు. తాడు కట్టే క్లీట్లు, రైలింగు కాళ్ళు, లైటు స్తంభం, జీపీఎస్ ఏరియల్ దిమ్మె లాంటి డెక్కు సామానుకు దీనంత హాయి ఇంకోటి లేదు. పొద్దున పెట్టి సాయంత్రం సముద్రానికి పోవచ్చు. డీజిల్ తగిలితే కరుగుతుంది కాబట్టి ట్యాంకు దగ్గర వద్దు, నీటి మట్టం కిందా వద్దు.

ఐసు పెట్టె, చేపల గది లోపలి సందులకు ఆహారానికి తగిలినా ఇబ్బంది లేదని ట్యూబు మీద రాసి ఉన్నదే కొనండి. బాత్రూం సిలికాన్‌లో బూజు రాకుండా మందు కలుపుతారు. అది చేపలకు తగలకూడదు.

ఇక ఎం-సీల్, అరల్డైట్ లాంటి, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీలు. రెండూ మంచి సరుకే, కానీ ఎండాక రాయిలా అవుతాయి, సాగవు. ఇంజిన్ అదిరే చోట ఫిట్టింగు చుట్టూ ఎం-సీల్ పూస్తే కొద్ది వేటలకే వెంట్రుక వాసి పగులు వస్తుంది, ఆ పగులే దారిగా నీరు పోతుంది. రంధ్రం పూడ్చడానికి, చెక్క నింపడానికి వాడండి. ఫిట్టింగు కిందికి మాత్రం పెట్టకండి. ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర కారితే ఏ సీలెంటూ పనిచేయదు. అక్కడ గ్లాండులో (షాఫ్టు చుట్టూ నీరు ఆపే గూడు) తాడు ప్యాకింగ్ మార్చాల్సిందే. పొగ గొట్టం దగ్గరా ఈ సీలెంట్లు వద్దు. పీయూ సుమారు 90 డిగ్రీల వరకే ఓర్చుకుంటుంది.

కావలసినవి

- 310 మిల్లీలీటర్ల ట్యూబు, సిలికాన్ గన్. 600 మిల్లీలీటర్ల రేకు సంచి రకం కొంటే గన్ వేరు
- అసిటోన్ అర లీటరు, తెల్ల నూలు గుడ్డలు (రంగు గుడ్డ వద్దు, అసిటోన్‌కు రంగు దిగుతుంది)
- 80, 120 నంబర్ల ఎమరీ పేపరు
- మాస్కింగ్ టేపు, పాత బ్లేడు, ప్లాస్టిక్ గోకుడు పలక
- డ్రిల్లు, రంధ్రం అంచు వాలుగా చెక్కే కౌంటర్‌సింక్ బిట్
- 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు, వెడల్పు వాషర్లు, వెనక ప్లేటు. 304 కూడా మెరుస్తుంది కానీ ఉప్పునీళ్ళలో మచ్చలు పడుతుంది
- నైట్రైల్ గ్లవ్స్

ట్యూబులు ఎన్ని కావాలో లెక్క కట్టుకోండి. 310 మిల్లీలీటర్ల ట్యూబుతో 6 మిల్లీమీటర్ల మందం గీత సుమారు 11 మీటర్లు వస్తుంది, 5 మిల్లీమీటర్లదైతే 15 మీటర్లకు పైనే. 20 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు బోల్టులు ఉన్న క్లీటుకు అంచు గీత, బోల్టుల చుట్టూ వలయాలు కలిపి ఒక మీటరు పడుతుంది. అంటే ఒక ట్యూబుతో అలాంటివి పది ఫిట్టింగులు చేయొచ్చు. తెరిచిన ట్యూబు ఎక్కువ రోజులు నిలవదు, కాబట్టి అన్ని ఫిట్టింగులూ సిద్ధం చేసుకుని ఒకే రోజు పెట్టుకోండి.

కొనేటప్పుడు ట్యూబు మీద గడువు తేదీ చూడండి. రేకుల కప్పు కింద మే నెల వేడిలో నెలల తరబడి ఉన్న ట్యూబు గడువుకు ముందే లోపల గట్టిపడుతుంది. చేత్తో నొక్కి చూడండి, రాయిలా ఉంటే లేదా గడ్డలు తగిలితే తిరిగి ఇచ్చేయండి.

పద్ధతి

1. వేళ చూసుకోండి. ట్యూబు మీద "60 నిమిషాల్లో పైపొర కడుతుంది" అని ఉంటే అది 23 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో. మన తీరంలో మే నెలలో వేడీ తేమా రెండూ అంతకన్నా ఎక్కువే కాబట్టి సగం సమయమే ఉందనుకుని పని చేయండి. మిట్ట మధ్యాహ్నం ఎండలో కాలిన ఫైబర్ మీద పీయూ పెడితే బుడగలు లేస్తాయి. తెల్లవారుజామున మంచు తడి ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక, పట్టా నీడన చేస్తే కుదురుతుంది. ఇసుక గాలి లేచే వేళ మాత్రం మానుకోండి. తడి సీలెంట్ మీద పడిన ఇసుక రేణువు ప్రతిదీ రేపు నీటికి దారి.

2. పాతది పూర్తిగా తీయండి. పాత సీలెంట్ మీద కొత్తది పూస్తే అది పాతదానికి అతుక్కుంటుంది, బోటుకు కాదు. గట్టిగా పట్టిన పీయూ ఫిట్టింగు కింద నుంచి రాకపోతే సన్న స్టీలు తీగనో మందపాటి నైలాన్ గాలపు దారాన్నో రెండు చేతులతో పట్టి రంపంలా లాగండి. సుత్తితో కొట్టి ఊడదీయకండి, ఫైబర్ పొర లేచిపోతుంది. వేడి గాలి గన్ వాడితే చేయి ఆనించగలిగినంత వేడి వరకే.

3. ఉప్పు కడగండి. ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టే. అసిటోన్ నూనెను తీస్తుంది, ఉప్పును తీయదు. ఉప్పు నీటికే కరుగుతుంది. సముద్రపు నీళ్ళతో కడిగితే ఇంకో పొర ఉప్పు చేరుతుంది. ముందు సబ్బు నీళ్ళు, తర్వాత మంచినీళ్ళు రెండుసార్లు పోసి, పూర్తిగా ఆరనివ్వండి.

4. మైనం, సిలికాన్ మిగిలాయేమో చూడండి. కొత్త ఫైబర్ బోటైతే అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన వాక్స్ బయటి పక్క ఉంటుంది. ముందు అసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాతే ఎమరీ కొట్టండి. వరుస తిరగబడితే ఎమరీ గీతల్లోకి వాక్స్ దిగిపోతుంది. శుభ్రమైందా లేదా తెలియాలంటే కొన్ని మంచినీళ్ళు చల్లండి. పల్చని పొరలా పరుచుకుంటే శుభ్రం. చుక్కలు చుక్కలుగా ముడుచుకుంటే ఇంకా జిడ్డు ఉంది, మళ్ళీ గోకండి.

5. లోపల చెక్క ఉందా? వెనక పలకలోను, చాలా డెక్కుల్లోను ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్డో చెక్కో ఉంటుంది. డ్రిల్లుకు చెక్క పొట్టు వస్తే ఆ రంధ్రంలో నేరుగా బోల్టు దించకండి. సీలెంట్ ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది. ఆ రోజు నీరు చెక్కలోకి దిగి, బయటికి ఏమీ కనపడకుండా పలకంతా కుళ్ళుతుంది. పొట్టు ఇప్పటికే నల్లగా, తడిగా వస్తుంటే సీలెంట్ పని ఆపేయండి. ముందు ఆ చెక్క ఆరాలి, మరీ పాడైతే కోసి మార్చాలి.

బాగున్న చెక్కైతే 8 మిల్లీమీటర్ల బోల్టుకు 14 నుంచి 16 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. కింద టేపు అంటించి మూయండి. ఎపాక్సీని డబ్బా మీద ఉన్న పాళ్ళలో కలిపి, ముందు కొంచెం పల్చగా రంధ్రం గోడలకు పట్టించండి. మిగిలిన దాంట్లో సిలికా పొడి గానీ జల్లించిన సన్న రంపపు పొట్టు గానీ కలిపి గారెల పిండిలా చేసి నింపండి. ఒక రోజు ఆగి, నడిమధ్యన 8 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. బోల్టు చుట్టూ ఎపాక్సీ గోడ ఉంటుంది, నీరు చెక్కను తాకదు. బోటు పనిలో వాడే పాలియెస్టర్ రెసిన్ కూడా కొందరు పోస్తారు. అది ఆరేటప్పుడు కుదించుకుంటుంది, చెక్కను ఎపాక్సీలా పట్టుకోదు.

6. రంధ్రం అంచు చెక్కండి. కౌంటర్‌సింక్ బిట్‌తో రంధ్రం పైఅంచును 2 మిల్లీమీటర్లు వాలుగా తీయండి. బోల్టు బిగించినప్పుడు ఆ గాడిలో సీలెంట్ నిలిచి మెడచుట్టూ రబ్బరు ఉంగరంలా తయారవుతుంది. ఒక్క నిమిషం పని. దీన్ని వదిలేసినవాళ్ళే బోల్టు వెంట నీరు కారుతోందని మళ్ళీ వస్తారు.

7. పొడిగా ఒకసారి పెట్టి చూడండి. సీలెంట్ లేకుండానే ఫిట్టింగు బిగించి, అన్ని బోల్టులూ పడుతున్నాయో లేదో చూసుకోండి. చుట్టూ పెన్సిల్ గీత గీసి, గీతకు 2 మిల్లీమీటర్ల అవతల మాస్కింగ్ టేపు అంటించండి. విప్పి, ఫిట్టింగు అడుగుకూ బోటు ఉపరితలానికీ 80 లేదా 120 నంబరు ఎమరీ కొట్టండి. ఒక గుడ్డతో అసిటోన్ రాసి, అది ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవండి. ఒకే గుడ్డతో రుద్దితే జిడ్డు అటూ ఇటూ తిరుగుతుందే తప్ప పోదు. పెట్రోలు, కిరోసిన్ వాడకండి, నూనె పొర వదులుతాయి. స్పిరిట్ కూడా వద్దు. ఆరని పీయూకి ఆల్కహాల్ తగిలితే అది సరిగా గట్టిపడక జిగటగానే ఉండిపోతుంది.

అసిటోన్ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున చేరుతుంది. ఇంజిన్ గది, చేపల గదుల్లో పనిచేసేటప్పుడు గాలి ఆడనివ్వండి. బీడీ, స్టవ్వు, గ్రైండరు నిప్పురవ్వలు దగ్గరికి రానివ్వొద్దు.

8. సీలెంట్ పెట్టండి. ముక్కు 6 మిల్లీమీటర్ల వెడల్పుగా, 45 డిగ్రీల వాలుగా కోయండి. ఫిట్టింగు అడుగున అంచుకు కాస్త లోపలగా తెగకుండా ఒకే గీత, ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ ఒక వలయం. గీతలు గదులు గదులుగా మూసుకుంటే మధ్యలో గాలి చిక్కుతుంది, కాబట్టి వెడల్పు ఫిట్టింగైతే నడుమ కొంచెం ఎక్కువ వేసి గాలి బయటికి పోయేలా చూడండి. బోల్టు తల కింద, మెడకు కూడా రాయండి. లోపలి పక్క వాషరు కింద సీలెంట్ అక్కర్లేదు. బయట ఎప్పుడైనా వదిలితే లోపల కారి మీకు తెలియాలి. అక్కడ మూసేస్తే నీరు చెక్కలోనే ఉండిపోతుంది.

9. రెండు విడతలుగా బిగించండి. ఎక్కువ తప్పులు ఇక్కడే. బలమంతా పెట్టి ఒకేసారి బిగిస్తే సీలెంట్ మొత్తం బయటికి పోయి లోపల కాగితమంత పొరే మిగులుతుంది. అది సాగదు, చిరుగుతుంది. మొదటి విడతలో చుట్టూ సమంగా సీలెంట్ ఉబికి వచ్చేదాకా మాత్రమే బిగించండి. మధ్యలో 1 నుంచి 2 మిల్లీమీటర్ల పొర ఉండాలి. ఎక్కడైనా ఉబకకపోతే అక్కడ ఖాళీ ఉన్నట్టే, విప్పి మళ్ళీ పెట్టండి. ఆరాక రెండో విడత, పావు చుట్టు. అప్పుడు నట్టు మాత్రమే తిప్పండి, బోల్టు తలను ఇంకో స్పానరుతో కదలకుండా పట్టుకోండి. తల తిరిగితే దాని మెడకు పట్టిన సీలెంట్ తెగుతుంది.

10. అంచు సరిచేయండి. ఉబికిన దాన్ని ప్లాస్టిక్ పలకతో ఒకే లాగులో తీసి, పైపొర కట్టకముందే మాస్కింగ్ టేపు లాగేయండి. సిలికాన్ అయితే వేలికి సబ్బు నీళ్ళు అద్దుకుని నున్నగా చేయొచ్చు, పీయూకి పొడిగానే. చేతికి అంటిన పీయూని పొడి గుడ్డతో తుడిచి, కాస్త వంటనూనె రాసి, సబ్బుతో కడగండి. అసిటోన్‌తో చేతులు కడగొద్దు.

*బ్యూటైల్ టేపైతే:* టేపును ఫిట్టింగు అడుగున పరిచి, కొంచెం చిదిమి బోల్టు మెడకు సన్న కోను ఆకారంలో చుట్టండి. కొద్దిగా బిగించి ఆగండి. అది నెమ్మదిగా ఉబుకుతుంది. మన వేడికి గంటకోసారి పావు చుట్టు చొప్పున, మర్నాడు ఇంకోసారి. ఉబికినదాన్ని ప్లాస్టిక్ పలకతో కోసేయండి.

*అక్రిలిక్ కిటికీ అయితే:* మీటరు పలక 30 డిగ్రీల వేడి తేడాకు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. రంధ్రాలు బోల్టు కన్నా 3 మిల్లీమీటర్లు పెద్దగా వేసి, స్క్రూలు లూజుగానే ఉంచండి. న్యూట్రల్ సిలికాన్ పొర కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. కిటికీ పగిలిందంటే చాలాసార్లు దెబ్బ తగిలి కాదు, బిగుతు ఎక్కువై.

ఆరిందని ఎలా తెలుస్తుంది

పైన ముట్టుకుంటే అంటకపోవడం ఆరడం కాదు. ఈ ట్యూబు సీలెంట్లు గాలిలో తేమను పీల్చుకుని అంచు నుంచి లోపలికి గట్టిపడతాయి, మొదటి రోజు సుమారు 2–3 మిల్లీమీటర్లు, ఆ తర్వాత ఇంకా నెమ్మది. వెడల్పు ఫిట్టింగు నడుమ ఆరడానికి వారం పట్టొచ్చు. త్రీఎం 5200 అయితే పూర్తిగా ఆరడానికి 5 నుంచి 7 రోజులు. ఫిట్టింగు విప్పి చూడలేరు కాబట్టి పని చేసిన రోజే అదే ట్యూబుతో ఓ పాత ఫైబర్ ముక్క మీద ఫిట్టింగు కింద ఉన్నంత మందంలో కొంచెం పెట్టి, పైన ఇంకో ముక్క మూసి పక్కన ఉంచండి. రెండో విడత బిగించే ముందు దాన్ని విప్పి బ్లేడుతో కోయండి. నడుమ జిగురుగా ఉంటే బోటూ అలాగే ఉంది.

ఆ ముక్కతోనే పట్టు కూడా తెలుస్తుంది. ఆరిన సీలెంట్‌ను వేలితో లాగండి. మధ్యలో తెగి రెండు వైపులా అతుక్కుని మిగిలితే శుభ్రం బాగా జరిగింది. ఫైబర్ నుంచి తోలులా ఊడి వస్తే మూడో మెట్టు, నాలుగో మెట్టు మళ్ళీ చేయాల్సిందే.

నీటి పరీక్ష

నీటి మట్టం కింద ఫిట్టింగుకు: ఒడ్డున ఉన్న చిన్న బోటైతే లోపలే నీళ్ళు పోయండి, ఫిట్టింగు మీద నాలుగు వేళ్ళు నిలిచేంత. బయట పొడి గుడ్డతో తుడిచి, చుట్టూ సుద్దపొడి చల్లండి. చుక్క వచ్చినా గీత కనపడుతుంది. అరగంట ఆగి చూడండి. 200 లీటర్లంటే 200 కిలోలు, అందుకే ముందు బోటు కింద దుంగలు సరిగా ఆనాయో లేదో చూసుకోండి.

డెక్కు ఫిట్టింగుకు: పైపుతో నీళ్ళు కొట్టండి, కింద నుంచి మొదలుపెట్టి పైకి. ఒకేసారి పైనుంచి కొడితే ఎక్కడి నుంచి కారుతోందో తేలదు. ఒక్కో ఫిట్టింగుకు పది నిమిషాలు, లోపల ఒక మనిషి టార్చి పట్టుకుని. ఇంకా అనుమానమైతే ఫిట్టింగు చుట్టూ గోధుమపిండి ముద్దతో చిన్న గట్టు కట్టి, నీళ్ళలో కాస్త నీలిమందు కలిపి పోసి రాత్రంతా ఉంచండి. డెక్కు కింద నీలి మరక కనిపించిన చోటు నుంచి వెనక్కి వెతకండి. నీరు పలక వెంట పాకి దూరాన పడుతుంది కాబట్టి మరక ఉన్న చోటే లీకు అని తేల్చుకోవద్దు.

కారితే కారణం ఎక్కడ

బోల్టు వెంట కారితే: రంధ్రం అంచు చెక్కలేదు, లేదా రెండో విడతలో తల తిరిగింది. ఒక మూల నుంచి కారితే: అక్కడ సీలెంట్ ఉబకలేదు, ఫిట్టింగు సమంగా ఆనలేదు. కొన్ని నెలలు బాగుండి వేటకు పోయాక మొదలైతే: పొర మరీ పల్చన, లేదా వెనక ప్లేటు లేక ఫిట్టింగు ఊగుతోంది. ఊగే ఫిట్టింగుకు ఎన్ని ట్యూబులు పోసినా నిలవదు, వాషరు పెద్దది వేయండి. వారాలైనా జిగటగా ఉంటే: గడువు తీరిన ట్యూబు, స్పిరిట్, లేదా పక్కనే ఆరని సిలికాన్. స్టెయిన్‌లెస్ బోల్టు పక్కన తుప్పు చార కనిపిస్తే అది నీరు లోపలికి చేరిన గుర్తు. గాలి అందని తడిలో స్టెయిన్‌లెస్‌ను కూడా తుప్పు తింటుంది, బోల్టు తీసి చూడండి. మెడ సన్నబడి ఉంటే మార్చండి.

కారే ఫిట్టింగు అంచు చుట్టూ పైపైన ఇంకో గీత పూయడం అందరూ చేసే పని. చెక్కలోకి దిగిన నీటిని లోపలే బంధించడం తప్ప దాని వల్ల ఒరిగేది లేదు. విప్పి మళ్ళీ పెట్టాల్సిందే.

చెక్క నావల పలకల సందుల సంగతి వేరు. చెక్క నీళ్ళలో ఉబ్బుతుంది. ఎండిన సందులో పీయూ నిండుగా కూరితే ఉబ్బినప్పుడు అది బయటికి తోసుకొస్తుంది. లోపల దూది తాడు కొట్టి, పైన సగం లోతే సీలెంట్ ఉంచండి.

మధ్య సముద్రంలో కారితే

ఈశాన్య రుతుపవనం వచ్చే అక్టోబరుకు ముందే అన్ని ఫిట్టింగులూ ఒకసారి చేత్తో ఊపి చూసుకోవడం మంచిది. అయినా నీళ్ళలో ఉండగా కారడం మొదలైతే తడిలో పట్టుకునే రకం ఎపాక్సీ ముద్ద ఒకటి బోటులో ఉంచుకోండి. రెండు భాగాలూ రంగు ఒకటయ్యేదాకా పిసికి, లోపలి వైపు నుంచి నొక్కి, గట్టిపడేదాకా చేయి తీయకండి. ఫిట్టింగే విరిగి రంధ్రం పడితే దానికి సరిపడే కోను ఆకారపు మెత్తని చెక్క బిరడాను గుడ్డ చుట్టి లోపలి నుంచి కొట్టండి. ప్రతి ఫిట్టింగు పక్కన దానికి సరిపోయే బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచితే చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. ఒడ్డుకు చేరాక ఆ ముద్దనంతా చెక్కి తీసేసి, రెండో మెట్టు నుంచి పని మొదలుపెట్టండి.